నాన్ లోకల్

తెనాలి,
16-11-2025.

పద్మా,

ఫోన్‌లో నువ్వడిగేది ఒకటే మాట, "ఉద్యోగం సంగతేమైందే?" అని. నేను "చూస్తున్నా" అనేలోపు మీ చంటాడు ఫోన్ లాగేసుకుంటాడు, లేదంటే ఇటు మా అత్తయ్య పిలుస్తుంది. ఇది అలా ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదు. ఇవాళ ఆదివారం, పిల్లలిద్దరూ తాతగారి ఊళ్ళో ఉన్నారు. అందుకని తీరిగ్గా కూచుని రాస్తున్నా.

మా ఆయనకి, అదే మీ అన్నయ్యకి, ఫీల్డ్ పోస్టింగ్ వచ్చినప్పుడు, క్వార్టర్ అట్టేపెట్టుకుని జలంధర్‌లోనే ఉండిపొమ్మని నువ్వు ఎంత పోరావో గుర్తుంది. అత్తయ్యకి మోకాళ్ళ ఆపరేషన్ లేకపోతే ఉండిపోయేదాన్నేమో. మావయ్యగారిది భట్టిప్రోలు పక్క పల్లె. అక్కడే ఉందామంటే పిల్లల బడి కుదరలేదు. కేంద్రీయ విద్యాలయంలో చదివిన పిల్లల్ని ఉన్నట్టుండి ఎక్కడ వేస్తాం? తెనాలిలో అద్దెకు దిగాను. రేపల్లె బండెక్కితే వేమూరు దాటి కాసేపటికి భట్టిప్రోలు వచ్చేస్తుంది. ఆ లైను 1916 నాటిదట. ఆ బండికి తొందరనేది తెలీదు, మనకెంత ఉన్నా.

ఇల్లు ఇవ్వడానికి ఓనరమ్మ ముందు వెనకాడింది. మగదిక్కు లేని కాపురం, ఎవరొస్తారో ఎవరు పోతారో అని ఆవిడ భయం. మా ఆయన మిలిటరీలో ఉన్నాడనగానే మొహం విప్పారింది. దేశభక్తి అనుకున్నా. పాలు పొంగించిన రోజే ఓనరుగారు మెల్లిగా వచ్చి, "క్యాంటీన్ కార్డు మీ దగ్గరే ఉంటుందామ్మా?" అన్నారు. క్యాంటీన్ గుంటూరులో. నేను వెళ్ళినప్పుడు సబ్బులూ నూనే పిల్లలకి బిస్కెట్లూ తెచ్చుకుంటాను. ఈ వీధికి కావలసింది సబ్బులు కాదు. లేదని చెప్పడం మొదట్లో కష్టంగా ఉండేది, ఇప్పుడు నోటికి అలవాటైపోయింది.

పెళ్ళైన కొత్తలో మీ అన్నయ్య నిన్ను ఊరించిన ఆంధ్రా ప్యారిస్ ఇదే. ప్యారిస్ సంగతి నాకు తెలీదు గానీ ఊరి మధ్య నుంచి మూడు కాలువలు పోతున్న మాట నిజం. నేను ఎండాకాలంలో దిగాను కదా, అప్పటికి నీళ్ళు కట్టేశారు. ఊరు ఏడాది పొడుగునా వాటిలో పారేసిందంతా బయటపడి కనిపించింది. జూలైలో నీళ్ళొదిలాక మళ్ళీ ప్యారిస్ అయింది.

మే నెల మాత్రం నేను మర్చిపోలేను. ఇంకా పెట్టెలు విప్పనే లేదు, ఆపరేషన్ సిందూర్ మొదలైంది. 8వ తేదీ రాత్రి జలంధర్‌లో దీపాలార్పేశారని టీవీలో చూశాను. నీకు చేస్తే కలవలేదు. మీ అన్నయ్యకి చేస్తే అదీ లేదు. పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకుని ఐపీఎల్ మ్యాచ్ చూసినట్టు చూస్తున్నారు, మధ్యమధ్య నన్ను పిలిచి "మీవారు అక్కడే ఉన్నారా?" అని అడుగుతున్నారు. ఎక్కడున్నారో నాకే తెలీదు, తెలిసినా చెప్పకూడదు. వంటింట్లోకి పోయి తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూచున్నా. 10వ తేదీ సాయంత్రం కాల్పులు ఆపారన్నాక నీ మెసేజ్ వచ్చింది, "బాగానే ఉన్నాం, వంకాయ వండా" అని. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు భట్టిప్రోలుకి ఫోన్లు కలవక నేను ఏడుస్తుంటే రాత్రంతా నువ్వు నా పక్కనే ఉన్నావు. మేలో నీ పక్కన ఎవరున్నారో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక ఉద్యోగం.

తెనాలిలో బడులకి కొదవ లేదు. లెక్కల టీచరంటే ముందు ఎవరైనా రమ్మంటారు. డెమో క్లాసు దాకా అంతా సవ్యంగా సాగుతుంది. తర్వాత కుర్చీలో కూచోబెట్టి, "మీవారు ఎక్కడ చేస్తారు?" మిలిటరీ అంటాను. "మళ్ళీ బదిలీ ఎప్పుడు?" ఇప్పుడున్న చోటికి కుటుంబాన్ని తీసుకుపోనివ్వరండీ, నేను ఇక్కడే ఉంటాను అంటాను. "అదయ్యాక?" ఆ తర్వాత నా దగ్గర జవాబు లేదు. వాళ్ళని తప్పు పట్టను. నేను ఆ కుర్చీలో కూచున్నా అదే అడుగుతాను. మధ్యలో టీచరు వెళ్ళిపోతే పదో తరగతి పిల్లలు ఏమవుతారు?

తప్పు పట్టేవి వేరే ఉన్నాయి. ఒకచోట ఏడాది అయ్యేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టమన్నారు. జిరాక్సులు ఇస్తానన్నాను. ఒరిజినల్స్ లేకపోతే మీరు రేపే మానేస్తే మేమేం చేస్తామన్నారు. ఇంకోచోట జీతం పది నెలలకేనట, కానీ వేసవిలో మాత్రం ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవాలట. మరొకాయన నా బయోడేటా తిరగేసి, "జబల్పూరు, జలంధరు... మీరు హిందీ దంచేస్తారే! లెక్కలకి ఖాళీ లేదు, హిందీ చెప్తారా?" అన్నాడు. చెప్పడం వేరు, కూరగాయల బండివాడితో బేరమాడడం వేరు అన్నా వినలేదు. పిల్లలకి అక్షరాలు వస్తే చాలన్నాడు. ఆ పిల్లల మీద జాలేసి వచ్చేశాను.

ఇంకో ప్రశ్న ఉంది, అన్నిచోట్లా అడిగేది. "ఇన్ని గ్యాపులెందుకున్నాయండీ?" మీ అన్నయ్య సర్వీసు రికార్డులో ప్రతి బదిలీ ఒక ఎంట్రీ. సీనియారిటీ పెట్టెలో పెట్టినట్టు ఆయనతోపాటే వస్తుంది. అదే బదిలీ నా బయోడేటాలోకొచ్చేసరికి ఖాళీ. ఒక ఊళ్ళో బళ్ళో చేరి, ఏడాది అయి, పిల్లలు నా పేరు పెట్టి పిలవడం మొదలెట్టేసరికి మూవ్‌మెంట్ ఆర్డర్ వచ్చేది. కొత్త ఊళ్ళో మళ్ళీ కిందమెట్టు. ఆ ఖాళీల్లో మనం ఏం చేశామో నీకు చెప్పక్కర్లేదు. ఆర్మీ భార్యల సంఘం ఆవావాళ్ళది మంచి ఉద్దేశమే, కాదనను. 1966 నుంచి జవాన్ల కుటుంబాల కోసం పాటుపడుతున్న సంస్థ అది. కానీ ఏ స్టేషన్‌కి వెళ్ళినా కొవ్వొత్తుల తయారీ దగ్గరే మొదలు! బీఎస్సీ బీఈడీ చేసిన నువ్వూ నేనూ మైనం కరగబెడుతూ, మేమ్‌సాబ్ వచ్చినప్పుడు లేచి నిలబడుతూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపామో! దాన్ని బయోడేటాలో ఏ గడిలో రాయమంటావు?

సరే, ప్రైవేటు వద్దు, డీఎస్సీ రాద్దామనుకున్నాను కదా. ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది, 16,347 పోస్టులు. మనం పెట్టెలు సర్దుతూ ఫోన్‌లో దరఖాస్తు నింపాం, నువ్వే కళ్ళజోడు పెట్టుకుని చదివిపెట్టావు. జిల్లాలు 26 చేసినా డీఎస్సీకి పాత 13 జిల్లాల లెక్కే, అంటే తెనాలీ బాపట్లా రేపల్లే మూడూ గుంటూరు కిందికే వస్తాయి. ఎక్కడొచ్చినా ఇంటికి దగ్గరే అని సంబరపడ్డాం. అప్పుడు ఆ గడి వచ్చింది, నాలుగు నుంచి పది దాకా ఏ జిల్లాలో చదివారు అని. నాన్న ఉద్యోగం ఎటుపోతే అటు, జబల్పూరు, కాంప్టీ, ఆవడి. గుంటూరు జిల్లాలో ఒక్క ఏడూ లేదు. పుట్టింది రేపల్లెలో, డిగ్రీ తెనాలిలో, బీఈడీ గుంటూరులో, పెళ్ళి భట్టిప్రోలు వాళ్ళతో, ఓటు అక్కడే. కంప్యూటరు మాత్రం నన్ను నాన్ లోకల్ అంది. నూటికి ఎనభై పోస్టులు స్థానికులకి. మిగతా ఇరవైకి నాలాంటివాళ్ళూ స్థానికులూ అందరం కలిసి పోటీ. జూన్‌లో పరీక్ష రాశాను. సిగ్గుపడాల్సిన మార్కులేం కావు, ఆ ఇరవైలో చోటు దక్కించుకోడానికి చాల్లేదు, అంతే.

మావయ్యగారికి కోపమొచ్చింది, "ఇదేం రూలు?" అని. రూలు వెనక కథ ఉంది. 1969లో అటు తెలంగాణలో, 1972లో ఇటు ఆంధ్రలో ఉద్యోగాల గురించే కదా ఊళ్ళు అట్టుడికింది. ఆ గొడవల్లోంచే 371డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వూ వచ్చాయి. ఎక్కడివాళ్ళ ఉద్యోగాలు అక్కడివాళ్ళకి దక్కాలనడం న్యాయమే. దానికి కొలత ఏమిటంటే బడి. మామూలు పిల్లకి అది సరైన కొలతే. మిలిటరీవాడి కూతురికి సరిపోదు. అదే మిలిటరీవాడి భార్య అయి వచ్చిందనుకో, ఇంక చెప్పేదేముంది! పోనీ జబల్పూరులో అయినా నేను లోకలా అంటే అక్కడా కాను. చిత్రం చూడు, మీ అన్నయ్య రిటైరై వస్తే ఎక్స్-సర్వీస్‌మెన్ కోటా ఉంది. పిల్లలు ఇంజనీరింగుకి వస్తే సైనికుల పిల్లలకిచ్చే క్యాప్ కోటా ఉంది. ఆ ముగ్గురి పెట్టెలూ సర్దినదానికి కోటా ఎవరూ పెట్టలేదు. అమెరికాలో మిలిటరీ భార్యల టీచరు లైసెన్సూ, నర్సు లైసెన్సూ భర్తకి బదిలీ అయిన రాష్ట్రంలో కూడా చెల్లేలా 2023 జనవరిలో చట్టం చేశారట, డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న కూతురు చెప్పింది. అక్కడా వాళ్ళు ఎన్నేళ్ళు మొత్తుకుంటే వచ్చిందో మరి.

బాపట్ల సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. సూర్యలంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో కేంద్రీయ విద్యాలయం ఉంది. కాంట్రాక్టు టీచర్లకి వాక్-ఇన్ ఇంటర్వ్యూ అని చూసి వెళ్ళాను. తెనాలిలో రైలెక్కి, నిడుబ్రోలు మీదుగా బాపట్లలో దిగి, ఆటో. ఆటో నిండా సముద్రానికి పోయేవాళ్ళే, తువ్వాళ్ళూ టిఫిన్ క్యారేజీలూ. నేనొక్కదాన్నే ఫైలు పట్టుకుని. గేటు దగ్గర దిగానో లేదో, దారి పక్క రాళ్ళకి జేగురూ సున్నమూ! సెంట్రీ హిందీలో పేరడిగి రిజిస్టరులో రాయించుకున్నాడు. రాలిన ఆకు ఒక్కటి లేని రోడ్డు, సైకిళ్ళ మీద పిల్లలు, ఎక్కడో విజిల్. సొంతూరికి వచ్చినట్టనిపించిందే. ఈ మాట మావయ్యగారి దగ్గర అంటే నొచ్చుకుంటారు, నీకే చెప్తున్నా.

ఆ ఇంటర్వ్యూలో గ్యాపులెందుకని ఎవరూ అడగలేదు. ఊళ్ళ పేర్లు చూసి ఒకావిడ తల పంకించింది, అంతే. ఆమెకీ అలాంటి కథే ఉండుంటుంది. ప్యానెల్లో పేరు వేశారు. ప్యానెల్ అంటే తెలుసుగా, ఎవరైనా సెలవు పెడితేనో మానేస్తేనో పిలుస్తారు. అక్కడి టీచర్లకి దేవుడు గట్టి ఆరోగ్యం ఇచ్చాడు, ఇంతవరకూ పిలుపు రాలేదు. అసలు ఈ కేంద్రీయ విద్యాలయాలు మొదలైందే మనలాంటి ఇళ్ళ కోసం. 1963లో ఇరవై రెజిమెంటల్ స్కూళ్ళు తీసుకుని మొదలుపెట్టారు, తండ్రికి బదిలీ అయినా పిల్లల చదువు చెడకూడదని. ఆ పిల్లల తల్లికీ ఒక చదువు ఉంటుందని 1963లో ఎవరికీ తట్టి ఉండదు. ఇప్పుడైనా తడితే బావుణ్ణు.

తిరిగొస్తూ బాపట్లలో బియ్యం కొన్నాను. జలంధర్‌లో చపాతీలతో మొహం మొత్తి, ఇటు నుంచి సెలవు మీద వచ్చే ప్రతివాడికీ సంచి బియ్యం పురమాయించేవాళ్ళం చూడు, ఆ బీపీటీ 5204 పుట్టింది ఇక్కడి వ్యవసాయ కళాశాలలోనే. 1986లో విడుదల చేశారు. ఇంత కాలం మనం మోయించుకున్న సంచులన్నీ మా జిల్లావే అన్నమాట.

ఇప్పుడు అసలు కబురు. ఖాళీగా లేను. అగ్నివీర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తున్నాను. నవ్వకు. రిటైరైన హవల్దారుగారొకాయన స్టేషనుకి దగ్గర్లో ఒక మేడ మీద నడుపుతున్నారు. రేపల్లె నుంచీ నిజాంపట్నం వైపు నుంచీ కుర్రాళ్ళు వస్తారు, పొద్దున పరుగు, సాయంత్రం చదువు. మునుపు రిక్రూట్‌మెంట్ అంటే ముందు పరుగు, అందులో నెగ్గినవాడికే రాతపరీక్ష. 2023 నుంచి తిరగేశారు. ముందు ఆన్‌లైన్ పరీక్ష, అది దాటితేనే 1.6 కిలోమీటర్ల పరుగు. పిక్కబలం ఒక్కటే నమ్ముకున్న కుర్రాళ్ళకి ఉన్నట్టుండి శాతాలూ సరాసరులూ కావలసొచ్చాయి. నా గిరాకీ అక్కణ్ణించి వచ్చిందే. జీతం ఇంటద్దెకి సరిపోతుంది, పాలవాడికి చాలదు.

హవల్దారుగారు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే, "ఎక్కడెక్కడ ఉన్నారమ్మా?" అని. వరసగా ఊళ్ళ పేర్లు చెప్పాను. "చాలు, రేపట్నుంచి రండి" అన్నారు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాలో తెలియని జాబితాకి ఈయన విలువ కట్టారు.

క్లాసులో మొదటి పదినిమిషాలూ లెక్కలు సాగవు. మంచులో బట్టలెలా ఆరతాయి మేడమ్, సెలవు ఎన్నాళ్ళకిస్తారు, అక్కడ అన్నం పెడతారా? చెప్తాను. గోడ మీద మురళీ నాయక్ ఫొటో ఉంది, కల్లితండా కుర్రాడు, అగ్నివీరుగా చేరి ఈ మేలోనే నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో పోయాడు. ఒకరోజు ఒక తల్లి కొడుకుతోపాటు వచ్చి, ఆ ఫొటో కింద నిలబడి ఫీజు ఎంతని అడిగింది. మేలో వంటింట్లో గిన్నెలు తోముతూ కూచున్న రాత్రి గుర్తొచ్చి, ఆమె మొహంలోకి చూడలేక రసీదు పుస్తకం కోసం వెతుకుతున్నట్టు నటించాను.

నాలుగేళ్ళయ్యాక నూటికి పాతికమందినే ఉంచుకుంటారని ఆ కుర్రాళ్ళకీ తెలుసు. మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకుని, ఇరవై రెండేళ్ళకో ఇరవై అయిదేళ్ళకో ఇంటికి రావాలి. అప్పుడు వాళ్ళనీ ఎవరో కుర్చీలో కూచోబెట్టి, ఇన్నాళ్ళూ ఏం చేశావు, ఇక్కడ నీకు అనుభవం ఏముంది అని అడుగుతారు. ఈ లెక్క నాకు నచ్చలేదు. క్లాసులో మాత్రం అనను, ఆ పిల్లల కళ్ళలో ఉన్న ఆశ మీద నీళ్ళు చల్లడానికి నేనెవర్ని?

ఇప్పుడు నీ పని. కేంద్రీయ, నవోదయ విద్యాలయాలు రెండిటికీ కలిపి 14,967 పోస్టులకి ప్రకటన పడింది, మొన్న 14 నుంచి దరఖాస్తులు తీసుకుంటున్నారు. చూసే ఉంటావు. అందులో లోకలూ లేదు, నాన్ లోకలూ లేదు, దేశం మొత్తానికీ ఒకటే పరీక్ష. నేను వేస్తున్నా, నువ్వూ వెయ్యి. వయసు దాటిపోయిందని మొదలెట్టకు, కేంద్రీయలో ఆడవాళ్ళకి సడలింపు ఉంది, సరిగ్గా చదువు. ఎక్కడేస్తారో తెలీదు కదా అని మీ అన్నయ్యతో అన్నాను. "వేస్తే ఈసారి నీ వెనకాల నేను పెట్టెలు మోస్తా" అన్నాడు. ఫోన్ సిగ్నల్ అక్కడే పోయింది గానీ, ఆ మాట నాకు బాగానే వినిపించింది, సాక్షివి నువ్వే.

ఆ పరీక్షకి అనుభవం సర్టిఫికెట్ అక్కర్లేదు. సూర్యలంకలో మళ్ళీ ఫిబ్రవరి మార్చిల్లో కొత్త ప్యానెల్‌కి పిలుస్తారు, దానికి కావాలి. మనం పనిచేసిన బళ్ళో నాకు ఇచ్చిన అనుభవ పత్రంలో "అసిస్టెంట్ టీచర్" అని మాత్రమే ఉంది, లెక్కలు చెప్పినట్టు లేదు. కొత్త ప్రిన్సిపాల్ వచ్చారన్నావు కదా. నువ్వే వెళ్ళి, లెటర్‌హెడ్ మీద, సబ్జెక్టు లెక్కలు అనీ, ఏ తరగతులో, చేరిన తేదీ, మానిన తేదీ స్పష్టంగా రాయించి, సంతకం మీద ముద్ర పడేలా చూసి తీసుకో. పాత పత్రం జిరాక్సు ఇందులో పెడుతున్నా. స్పీడ్ పోస్టులో పంపు. ఫొటో తీసి పంపిస్తే చాలనుకోకు, వాళ్ళు ఒరిజినల్ చూస్తారు. మీ మరిది డిసెంబరులో మాధవరం వస్తున్నాడుగా, తిరిగి వెళ్ళేటప్పుడు విజయవాడలో రైలు మారే ముందు నాకు ఫోన్ చెయ్యమను. బియ్యం సంచి నేనే తెచ్చి అందిస్తాను. ఎంత కావాలో రాయి, మొహమాటపడి అయిదు కిలోలని రాయకు.

పిల్లలకి ముద్దులు. అన్నయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
సుజాత